తోలును లాగే నరం

ధ్వని పాఠం చెబుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి అడిగింది: "సార్, జమిడికల నరాన్ని పక్కకు మీటుతరు గదా. తోలేమో ముందుకూ వెనక్కూ ఊగాలె. మరి అదెట్ల మోగుతది?"

ఖమ్మం, వరంగల్ పల్లెల్లో బైండ్లవాళ్ల ఎల్లమ్మ కథ విన్నవాళ్లకు జమిడికను పరిచయం చేయనక్కర్లేదు. భద్రాచలం అడవి అంచున పెరిగిన పిల్లలకు తోలువాద్యాలంటే మరీ దగ్గర. అందుకే ఆ ప్రశ్న పుస్తకంలోంచి కాక చెవిలోంచి వచ్చింది. నాకు తెలిసి ధ్వని పాఠంలో అంతకన్నా మంచి ప్రశ్న లేదు.

జమిడికలో ఉన్నవి మూడే వస్తువులు. ఒక గుల్ల, దాని ఒక మూతికి బిగించిన తోలు, ఆ తోలు నడిమధ్య నుంచి బయలుదేరి గుల్లలోంచి రెండో మూతి దాటి వచ్చే నరం. గుల్లను చంకలో ఇరికించుకుని, నరం కొసను ఒక చేత్తో లాగిపట్టి, రెండో చేత్తో మీటుతారు. మెట్లు లేవు, బిరడాలు లేవు.

పోలికకు బాంజోను చూద్దాం. అమెరికా పల్లెపాటల్లో వినిపించే దానికీ తోలే మొహం. కానీ అక్కడ తీగలు తోలుకు సమాంతరంగా సాగి, దాని మీద నిలబెట్టిన చిన్న చెక్క బ్రిడ్జిని నొక్కుతూ పోతాయి. తీగ కిందికి కదిలితే బ్రిడ్జి తోలును నొక్కుతుంది, పైకి కదిలితే వదులుతుంది. తీగ సెకనుకు వందసార్లు ఊగితే తోలూ వందసార్లే ఊగుతుంది. ఇందులో చిక్కేమీ లేదు.

జమిడికలో నరం తోలుకు నిలువుగా ఉంది. పక్కకు ఊగే నరం తోలును పక్కకు తోయలేదు, లాగడం ఒక్కటే చేయగలదు. ఎప్పుడు లాగుతుంది? నరం తిన్నగా ఉన్నప్పుడు దాని పొడవు అతి తక్కువ. ఎడమకు వంగితే కాస్త సాగుతుంది, తోలును లాగుతుంది. తిరిగి తిన్నగా అయి వదులుతుంది. కుడికి వంగితే మళ్లీ సాగుతుంది, మళ్లీ లాగుతుంది. నరం ఒక్కసారి ఊగేలోపు తోలుకు రెండు లాగుళ్లు! సెకనుకు వందసార్లు ఊగే నరం తోలును రెండువందలసార్లు లాగుతుంది. అంటే తోలు పలికేది ప్రధానంగా నరం స్థాయికి పై స్థాయి. ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు ఇదే. ఈ సంగతి నల్లబల్ల మీద గీసి చూపించినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

గట్టిగా మీటితే నరం ఎక్కువ సాగుతుంది కాబట్టి స్వరం కాస్త పైన మొదలై, ఊపు తగ్గేకొద్దీ కిందికి జారుతుంది. జమిడిక మాట్లాడుతున్నట్టు అనిపించడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

డిగ్రీ ల్యాబుల్లో చేయించే మెల్డె ప్రయోగం గుర్తుందా? కంపించే శృతిదండానికి దారం కట్టి, దాని పొడవు దిశలోనే లాగేలా పెడితే, దారం దండం పౌనఃపున్యంలో సగంతో పక్కలకు ఊగుతుంది. ఫ్రాంజ్ మెల్డె 1859 ప్రాంతంలో చూపించింది సరిగ్గా జమిడికకు తిరగేసిన లెక్క. అక్కడ లాగితే ఊగుతుంది, ఇక్కడ ఊగితే లాగుతుంది. కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో పరిశోధన సాగించిన సి.వి. రామన్ 1909లోనే ఒంటితీగ వాద్యం ఏక్‌తార మీద వ్యాసం రాశారు. మెల్డె ప్రయోగం మీదా పనిచేశారు. నోబెల్ తెచ్చిన కాంతి కంటే ముందు ఆయన మనసు దోచినవి తీగలూ తోళ్లూ.

ఇక వాయించే తీరు. బాంజో శైలులన్నీ మీటే చేతిలో ఉన్నాయి. పాతకాలపు క్లాహామర్ పద్ధతిలో గోరు తీగను పైనుంచి కిందికి కొడుతుంది, బొటనవేలు పొట్టిగా ఉండే అయిదో తీగను ఆగకుండా పలికిస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలో జోలా జనం అకోంటింగ్‌ను ఇలాగే వాయిస్తారు. బాంజో మూలాలు అమెరికాకు బానిసలుగా తరలించిన ఆఫ్రికన్ల దగ్గరే ఉన్నాయి. 1945లో అమెరికన్ గాయకుడు బిల్ మన్రో బృందంలో చేరిన బాంజో వాదకుడు ఎర్ల్ స్క్రగ్స్ మూడువేళ్ల మీటుతో దాని వేగాన్నే మార్చేశాడు. ఈ రెండు పద్ధతులవాళ్ల మధ్య వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

జమిడిక శైలి మాత్రం లాగే చేతిలో ఉంది. బిగువు నాలుగింతలైతేనే స్వరం రెండింతలు అవుతుంది. ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లో అచ్చేసిన సూత్రమిది. కథకుడి పక్కన నిలబడ్డ వంతగాడు ఏ కొలతా లేకుండా, మాట విరుపుకు తగ్గట్టు, ఆ వర్గమూలాన్ని భుజంతో లెక్కగట్టేస్తాడు. ఉత్తరాంధ్ర జముకుదీ, బెంగాల్ బౌల్ గాయకుల ఖమక్‌దీ ఇదే కుటుంబం. నా చెవికి క్లాహామర్ కన్నా ఇదే కష్టమైన విద్య. బాంజోకు తీగ మీద వేలు నొక్కే చోటైనా నిలకడగా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. వానాకాలం తోలు మెత్తబడితే మంట దగ్గర కాచి, మళ్లీ చేతికి కొత్త లెక్క నేర్పుకోవాలి.

ఈ రెండు వాద్యాల తర్వాతి కథ చిన్నదే. బాంజోకు ఫ్యాక్టరీలూ, లోహపు బిగింపులూ, 1950ల తర్వాత ప్లాస్టిక్ తోళ్లూ వచ్చాయి. జమిడిక కులవృత్తిగా, చేతిపనిగానే మిగిలింది.

మెల్డె ప్రయోగం చేయించే లెక్చరర్లకు నాదొక విన్నపం. ఈసారి శృతిదండం పక్కన ఒక జమిడికనూ పెట్టండి. మీ దగ్గర్లోని బైండ్ల కళాకారుణ్ని పిలిచి, గౌరవంగా పారితోషికమిచ్చి, ఆ పాఠం ఆయన చేతే చెప్పించండి.