బీచ్‌లో బంగారం దొరికితే ఎవరిది? మెటల్ డిటెక్టర్ సరదా.. తెలుసుకోవాల్సిన సంగతులు

కాణిపాకానికి దగ్గర్లో సముద్రం లేదు. బాహుదా నది ఒడ్డున ఉన్న ఈ ఊరి నుంచి బీచ్ చూడాలంటే చెన్నై మెరీనాకో, నెల్లూరు వైపు మైపాడుకో బండి కట్టాల్సిందే. అయినా మెటల్ డిటెక్టర్ మనకు కొత్తేమీ కాదు. పెద్ద గుళ్ల దగ్గర, ఎయిర్‌పోర్టుల్లో, పెద్ద సభల్లో గేటులా నిలబెట్టిన యంత్రంలోంచి మనం ఎన్నోసార్లు నడిచే ఉంటాం. ఇప్పుడు అదే సూత్రంతో పనిచేసే పొడవాటి కర్రలాంటి యంత్రం ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. విదేశాల్లో బీచ్‌ల మీద ఉంగరాలు, నాణేలు తవ్వి తీసే వీడియోలు చూసి "మనమూ కొందామా?" అనుకునే కుర్రాళ్లు పెరుగుతున్నారు.

కొనే ముందు ఒక విషయం తెలుసుకోవాలి. ఈ హాబీలో రెండు రకాల వాళ్లున్నారు. సెలవు రోజు సరదాగా వెతికేవాళ్లు ఒకరు, దాన్ని పట్టుదలగా నేర్చుకునేవాళ్లు ఇంకొకరు. వీళ్ల మధ్య తేడా యంత్రం ధరలో లేదు. ఎక్కడ వెతకాలి, ఎలా వెతకాలి, దొరికాక ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నల్లో ఉంది. మన దేశంలో మూడో ప్రశ్నకు జవాబు తెలియకపోతే సరదా కాస్తా కేసు అవుతుంది.

యంత్రం ఏం చేస్తుంది?

డిటెక్టర్ కింది భాగంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు ప్రవహించి చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రంలోకి లోహం వస్తే, దానిలో చిన్న చిన్న కరెంటు సుడులు మొదలవుతాయి. వాటి వల్ల వచ్చే మార్పును యంత్రం పసిగట్టి కూత వేస్తుంది. అంతే. అది "బంగారం" అని చెప్పదు, "ఏదో లోహం ఉంది" అని మాత్రమే చెబుతుంది.

బీచ్‌లో ఇంకో చిక్కుంది. ఉప్పునీళ్లలో తడిసిన ఇసుక కూడా కరెంటును ప్రవహింపజేస్తుంది. అందుకే మామూలు యంత్రాలు పొడి ఇసుకలో బాగానే పనిచేసి, అలల అంచుకు వెళ్లగానే ఊరికే కూతలు పెడతాయి. ఆ తడి నేలకు తగ్గట్టు సర్దుకునే వీలున్న యంత్రాలు, లేదా పల్స్ ఇండక్షన్ అనే పద్ధతిలో పనిచేసేవి కావాలి. ఇది తెలియక కొన్నవాళ్ల యంత్రాలు నాలుగు రోజులకే అటక ఎక్కుతాయి.

సరదా వాళ్లు, పట్టుదల వాళ్లు

సరదాగా వెతికేవారు జనం కూర్చునే పొడి ఇసుకలో, సాయంత్రం పూట, గబగబా యంత్రం ఊపుతూ నడుస్తారు. గట్టిగా కూత వస్తేనే తవ్వుతారు. ఇనుము అక్కర్లేదని దాన్ని వదిలేసేలా యంత్రాన్ని సెట్ చేస్తారు. ఇక్కడే చిన్న తమాషా ఉంది. మన రూపాయి, రెండు రూపాయల స్టీలు బిళ్లలు అయస్కాంతానికి అంటుకునే రకం. ఇనుమును వదిలేయమని చెప్పిన యంత్రం వాటిని కూడా వదిలేసే అవకాశముంది. నదీ ఘాట్ల దగ్గర పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలో వేసి చిల్లర ఏరుకోగలిగేది కూడా ఈ గుణం వల్లే. యంత్రం లేని ఆ పిల్లలకు తెలిసిన సంగతి యంత్రం కొన్నవాళ్లకు తెలియకపోతే ఎలా?

పట్టుదలగా చేసేవారి లెక్క వేరు. వాళ్లు ముందు ఆటుపోట్ల టైము చూస్తారు. నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు వెళ్తారు. చుట్టను నేలకు దగ్గరగా, మెల్లగా, ఒక వరుస మీదకు ఇంకో వరుస కాస్త వచ్చేలా ఊపుతారు. సన్నని కూతను కూడా వదలరు. ఎందుకంటే సన్నని బంగారు ఉంగరం, అల్యూమినియం రేకు ముక్క దాదాపు ఒకేలా కూస్తాయి. రేకు వద్దనుకుంటే ఉంగరమూ పోయినట్టే. అందుకే వాళ్ల సంచిలో బంగారం కంటే సీసా మూతలు, మేకులు, గాలాలే ఎక్కువ. ఆ చెత్తను మళ్లీ ఇసుకలో పారేయకుండా తీసుకెళ్తారు. తవ్విన ప్రతి గుంతనూ పూడుస్తారు, లేకపోతే చీకట్లో నడిచేవాళ్ల కాలు మడతపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా వాళ్లు సముద్రాన్ని చదువుతారు. మామూలు ఇసుక సాంద్రత 2.65 దాకా ఉంటే, స్వచ్ఛమైన బంగారానిది 19.3. అలలు తేలికైన ఇసుకను లాక్కెళ్తే బరువైనవి కింద గట్టి పొర మీద ఆగిపోతాయి. పెద్ద తుఫాను పై పొరను కోసేసిన మర్నాడు అవి బయటపడతాయి.

ఉప్పాడ చెప్పే పాఠం

ఈ మాటకు సాక్ష్యం మన రాష్ట్రంలోనే ఉంది. 2020 నవంబరులో నివర్ తుఫాను వచ్చినప్పుడు కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో కొందరికి ఇసుకలో చిన్న బంగారు ముక్కలు దొరికాయి. ఆ వార్త తెలియగానే జనం తీరానికి పరుగెత్తారు. ఉప్పాడను సముద్రం ఏళ్ల తరబడి కోసేస్తోంది. ఇళ్లు, గుళ్లు నీళ్లపాలయ్యాయి. అలా కూలిన కట్టడాల్లోని బంగారమే అలలతో తిరిగి వస్తోందని స్థానికులు చెబుతారు.

అక్కడ వెతికిన వాళ్లలో చాలామంది చేతిలో యంత్రం లేదు. ఏ గాలికి, ఏ అలకు ఒడ్డు ఎలా మారుతుందో పుట్టినప్పటి నుంచి చూసిన అనుభవం ఉంది. వాళ్లకు అది హాబీ కాదు, వేట లేని రోజున ఇంట్లోకి నాలుగు రూపాయలు. వాళ్లు ఏరుకునే చోటికి మనం యంత్రం తీసుకుని పోటీకి వెళ్లకపోవడమే మర్యాద.

రాయలసీమలో దీనికి జోడీ వజ్రాల వేట. తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం కళ్లు నేలకు అతికించి నడుస్తారు. అక్కడ మాత్రం డిటెక్టర్ వల్ల ఉపయోగం లేదు. వజ్రం లోహం కాదు కదా!

దొరికింది ఎవరిది?

ఇసుకలో ఉంగరం దొరికితే "నా అదృష్టం" అని జేబులో వేసుకోవచ్చా? కుదరదు. పాత ఐపీసీ 403 సెక్షన్‌లో రెండు ఉదాహరణలున్నాయి. దారిలో ఎవరిదో తెలియని రూపాయి తీసుకున్నవాడు నేరస్తుడు కాడు. విలువైన ఉంగరం దొరికితే యజమాని కోసం ప్రయత్నమే చేయకుండా వెంటనే అమ్మేసినవాడు నేరస్తుడే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 314వ సెక్షన్. ఇప్పుడే పోయినట్టున్న వస్తువైతే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి.

నేలలో దాగి ఉన్న విలువైన వస్తువుకు 1878 నాటి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్నవి రాయాలి. దాచిపెడితే వాటా పోవడమే కాదు, ఏడాది వరకు జైలు కూడా పడొచ్చు. నిజాయతీగా చెప్పినవారికి చట్టం అన్యాయం చేయదు. యజమాని లేడని తేలితే, భూమి గలవారితో వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి ముప్పావు వంతు, భూమి గలవారికి పావు వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే విలువ మీద ఐదో వంతు అదనంగా చెల్లిస్తుంది.

ఇక నూరేళ్లు దాటిన నాణేలు, విగ్రహాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయడం, దేశం దాటించడం నేరం.

మన దగ్గర జాగ్రత్త ఎక్కువ అవసరం

చిత్తూరు, తిరుపతి వైపు పాత కోటలు, గుళ్లు చాలా ఉన్నాయి. చంద్రగిరి కోట, గుడిమల్లం పరశురామేశ్వర ఆలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి చోట అనుమతి లేకుండా తవ్వకూడదు. పైగా గుప్త నిధుల పేరుతో రాత్రిపూట గుళ్లు తవ్వే ముఠాలు పట్టుబడినప్పుడల్లా వాళ్ల దగ్గర మెటల్ డిటెక్టర్లు కనిపిస్తుంటాయి. అందుకే యంత్రం పట్టుకుని పాడుబడ్డ గుడి దగ్గర తిరిగేవాణ్ణి చూస్తే ఊరివాళ్లు అనుమానిస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

కాణిపాకం స్థలపురాణంలో ముగ్గురు అన్నదమ్ములు బావి తవ్వుతుంటే స్వామి బయటపడ్డాడంటారు. వాళ్లు నిధి కోసం తవ్వలేదు, నీళ్ల కోసం తవ్వారు. బయటపడింది ఊరందరిదీ అయింది. పాతది ఏదైనా నేలలోంచి వస్తే, అది ఏ లోతులో, దేని పక్కన ఉందన్నదే దాని చరిత్ర. పీకి తీసేస్తే ఆ చరిత్ర చెరిగిపోతుంది, చేతిలో మిగిలేది లోహం ముక్కే.

కాబట్టి మోజుంటే పగటిపూట, నలుగురూ తిరిగే బీచ్‌లో, స్థానిక పోలీసులకో పంచాయతీకో చెప్పి మొదలుపెట్టండి. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, చోటు, దొరికింది రాయండి. అలల్లో ఉంగరం జారవిడుచుకుని ఏడుస్తున్న పెళ్లికూతురికి దాన్ని వెతికి ఇవ్వగలిగిన రోజున మీ యంత్రం డబ్బులు తిరిగి వచ్చినట్టే.