శంషాబాద్ ఎండకు ఎంత వాలు?

శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఊరి అక్షాంశం ఎంతో సోలార్ ప్యానెల్ వాలూ అంతే, ముఖం దక్షిణానికి ఉండాలి: బిగించేవాళ్ల మామూలు లెక్క ఇది. ఒకసారి బిగించి ఇక ముట్టుకోని ప్యానెల్‌కు ఇది మంచి లెక్కే. కరెంటు లైను లేని ఫాంహౌస్‌లో బ్యాటరీ నింపుకొనేవాళ్లు మాత్రం ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఏ నెలలో ఛార్జింగ్ తగ్గుతోంది?

డిసెంబర్ 21 మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు నడినెత్తి నుంచి దాదాపు 41 డిగ్రీలు దక్షిణానికి దిగి ఉంటాడు. జూన్ 21న నడినెత్తి దాటి 6 డిగ్రీలు ఉత్తరానికి పోతాడు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరానే. దక్షిణానికి వాలిన ప్యానెల్ ఆ మూడు నెలలూ ఆయనకు కాస్త పెడమొహం పెట్టినట్టే.

మిట్టమధ్యాహ్నం నేరుగా పడే ఎండ వరకు చూద్దాం. 17 డిగ్రీల వాలుకు డిసెంబర్ చివరా, జూన్ చివరా 92 శాతం చొప్పున అందుతుంది. 32 డిగ్రీలకు లేపితే డిసెంబర్‌లో 99 శాతం వస్తుంది, కానీ జూన్‌లో 79కి పడిపోతుంది. 5 డిగ్రీలకు దించితే జూన్‌లో 98, డిసెంబర్‌లో 81. అంటే దసరాకు లేపి హోళీకి దించితే రెండు కాలాల్లోనూ లాభమే. నెలనెలా తిప్పనక్కర్లేదు.

ఆ లాభం ఎంత? ఏడాది మొత్తం మీద అటూఇటూగా 4 శాతం. 3 కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు సగటున 12 యూనిట్లు ఇస్తాయనుకుంటే, ఏడాదికి 170 యూనిట్లు అదనం. నెట్ మీటర్ ఉన్న ఇంటికి ఇందుకోసం కదిలే ఫ్రేము చేయించడం దండగని నా అభిప్రాయం. ఒక నెలలో తగ్గింది ఇంకో నెలలో పూడుతుంది. మొదట 5 మెగావాట్లు, తర్వాత 10 మెగావాట్లకు పెరిగిన విమానాశ్రయం సోలార్ ప్లాంటు స్థాయిలోనైతే వాలు మార్చడమంటే కూలీల లెక్క కూడా వేసుకోవాలి.

బ్యాటరీకి ఆ వెసులుబాటు లేదు. ఏ రోజు ఛార్జింగ్ ఆ రోజుదే. జర్మనీ లాంటి చోట్ల కరువు కాలం చలికాలం. అందుకే ప్యానెల్‌ను బాగా నిలువుగా పెట్టమని అక్కడివాళ్లు చెబుతారు. ఆ సలహా ఇక్కడ పనికిరాదు. మన డిసెంబర్ పగలు 11 గంటలే అయినా ఆకాశం తేటగా ఉంటుంది, ప్యానెల్ చల్లగా ఉండి బాగా పనిచేస్తుంది. అసలు ఇబ్బంది 13 గంటల పగళ్లుండే జూలైలోనూ, ఆగస్టులోనూ. మబ్బు పట్టినప్పుడు వెలుతురు ఒక దిక్కు నుంచి కాక ఆకాశమంతటి నుంచీ వస్తుంది. 32 డిగ్రీల వాలు ఆ ఆకాశంలో కొంత భాగాన్ని వదులుకుని దాదాపు 8 శాతం వెలుతురు పోగొట్టుకుంటుంది. చదునుగా పెడితే ఆ నష్టం తప్పుతుంది, అంతే. ముసురు పట్టిన వారంలో ఏ వాలూ బ్యాటరీ నింపదు. ఇంకో ప్యానెల్ కొనడమే దారి.

పనికి ప్రొట్రాక్టర్ అక్కర్లేదు, టేపు చాలు. 2 మీటర్ల పొడవున్న ప్యానెల్ వెనక అంచు ముందు అంచు కంటే 17 సెంటీమీటర్లు ఎత్తుంటే 5 డిగ్రీలు, 58 అయితే 17 డిగ్రీలు, 106 అయితే 32. పూర్తిగా చదును చేయొద్దు. వాన నీళ్లు జారక, అంచుల దగ్గర మట్టి పేరుకుంటుంది. ఏప్రిల్, మే గాలివానలకు తక్కువ వాలే క్షేమం కూడా.

ఆ నెలల ఎండల్లో ప్యానెల్ వేడి 60 డిగ్రీలకు చేరుతుంది. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుందనుకుంటే నష్టం 12 శాతం, అంటే వాలు మార్చి సంపాదించే దానికి మూడింతలు. అందుకే ఫ్రేము చేయించేటప్పుడు ప్యానెల్‌ను డాబాకు ఆనించకుండా, కింద గాలి ఆడేలా ఎత్తు పెట్టించండి.