జాజ్ యుగపు అమెరికా: స్లాంగ్ పదాలు, మారిన ఆచారాలు

ఉపోద్ఘాతం

మొదటి ప్రపంచయుద్ధానంతరం మొదలై 1929 ఆర్థికసంక్షోభంతో ముగిసిన కాలాన్ని అమెరికా చరిత్రలో 'జాజ్ యుగం' అంటారు. ఫిట్జెరాల్డ్ 1922లో వెలువరించిన కథాసంపుటి శీర్షికతో ఈ పేరు ప్రసిద్ధమైంది. 1920 జనాభా లెక్కలలో ఆ దేశ పట్టణ జనాభా తొలిసారి గ్రామీణ జనాభాను మించింది. మద్యనిషేధం అమలులోకి వచ్చినదీ ఆ సంవత్సరమే. మారిన జీవితానికి పాత పదాలు చాలనప్పుడు స్లాంగ్ ఆ లోటును ఎలా పూరించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిషేధం - నిందాపదం

దొంగచాటు మద్యశాలను 'స్పీక్ఈజీ' అనడం అంతకుముందే ఉంది. నిషేధం ఆ మాటను దేశమంతటా వ్యాపింపజేసింది. చట్టాన్ని ధిక్కరించి తాగేవారిని సిగ్గుపరిచే పదానికి నిషేధ సమర్థకుడు డెల్సివేర్ కింగ్ 200 డాలర్ల బహుమతి ప్రకటించగా, 1924లో 'స్కాఫ్‌లా' ఎంపికైంది. చట్టాన్ని ఎగతాళి చేసేవాడని దీని అర్థం. ఆ ఏడాదే పారిస్‌లోని హారీస్ న్యూయార్క్ బార్‌లో ఒక కాక్‌టెయిల్‌కు ఇదే పేరు పెట్టారు. నింద కాస్తా పానీయమైంది.

'కాలింగ్' నుండి 'డేట్'కు

19వ శతాబ్దపు మధ్యతరగతిలో యువకుడు యువతి ఇంటికి వెళ్లి కలిసే ఆచారాన్ని 'కాలింగ్' అనేవారు. రమ్మనే అధికారం యువతిది, ఆమె తల్లిది. అతిథిని కూర్చోబెట్టే గది లేని శ్రామికకుటుంబాల యువత నృత్యశాలల వంటి బహిరంగ స్థలాలలో కలుసుకునేవారు. వారి వాడుకలోని 'డేట్' 1890లకే అచ్చులోకి వచ్చింది. 1920ల నాటికి సినిమాహాళ్లు, మోటారుకార్ల తోడుతో మధ్యతరగతిలోనూ స్థిరపడింది. యువతికి పెద్దల పహరా తగ్గింది. కాని ఖర్చు యువకుడిది కావడంతో పిలిచే చొరవ కూడా అతనికే దక్కింది. పొట్టి జుట్టు, పొట్టి గౌను ధరించిన 'ఫ్లాపర్' స్వేచ్ఛను వర్ణించేటప్పుడు ఈ మార్పు విస్మరణకు గురవుతుంది.

హార్లెం పలుకుబడి

ఈ యుగానికి పేరునిచ్చిన సంగీతం నల్లజాతివారిది. అయినా హార్లెంలోని కాటన్ క్లబ్‌లో వారు వేదికపైనే కనిపించేవారు. ప్రేక్షకులుగా సాధారణంగా శ్వేతజాతీయులకే ప్రవేశం. ఈ స్థితిలో నల్లజాతి రచయిత రుడాల్ఫ్ ఫిషర్ 1928లో తన నవల 'ద వాల్స్ ఆఫ్ జెరికో'కు హార్లెం పదకోశాన్ని జతచేశాడు. తమ మాటల అర్థాన్ని తామే చెప్పుకొనే అధికారాన్ని ఆ పదకోశం చాటింది.

ముగింపు

పదాన్ని బహుమతి ఇచ్చి పుట్టించవచ్చు. దాని అర్థాన్ని మాత్రం వాడేవారే నిర్ణయిస్తారు. కనుక స్లాంగ్‌ను భాషాభ్రంశంగా కాక, అధికారం ఎవరి చేతి నుండి ఎవరి చేతికి మారిందో తెలిపే సామాజిక ఆధారంగా అధ్యయనం చేయవలసి ఉంది.