మోహనలో రెండే కార్డ్‌లు

డోన్‌లో భజనకు కూర్చున్నా, చర్చిలో పాటకు నిలబడ్డా వాద్యం మీద స్థాయికి ఉండేవి 12 మెట్లే. హార్మోనియం దగ్గర ఒక చేయి తిత్తికే సరిపోతుంది. రెండోది పాట వెంట నీడలా పోతుంది. కీబోర్డు వచ్చాక ఎడమచేయి ఖాళీ అయింది. పాటలు కట్టాలనుకునేవాళ్లు ఆ చేతికి ఏ పని చెప్పాలో నేర్చుకోవడమే హార్మనీకి మొదటి మెట్టు.

సూత్రం చిన్నది. మొదలుపెట్టిన మెట్టు నుంచి 4 మెట్లు పైకి, అక్కడి నుంచి మరో 3 వెళ్లి, ఆ మూడు స్వరాలనూ కలిపి నొక్కితే మేజర్ కార్డ్. ముందు 3, తర్వాత 4 అయితే మైనర్. నల్లవీ తెల్లవీ కలిపి లెక్కపెట్టాలి సుమా.

ఇదే లెక్క మన 72 మేళకర్తల మీద వేయండి. కార్డ్‌లో పై స్వరమైన పంచమం అన్నిటిలో ఉంది కనుక తేల్చాల్సింది మధ్యలోని గాంధారమే. అంతర గాంధారం (స నుంచి 4 మెట్లు) ఉన్న 36 మేళాల్లో స మీద మేజర్ దొరుకుతుంది, సాధారణ గాంధారం (3 మెట్లు) ఉన్న 24లో మైనర్. మిగిలిన 12, అంటే కనకాంగితో మొదలయ్యే ఆరు, సాలగంతో మొదలయ్యే ఆరు, స మీద ఏ కార్డూ ఇవ్వవు.

అయిదు స్వరాల రాగాల్లో సంగతి ఇంకా బాగుంటుంది. మోహనలో రెండే కార్డ్‌లు: స మీద మేజర్ (స-గ-ప), ద మీద మైనర్ (ద-స-గ). హిందోళంలోనూ రెండే, కానీ స మీద ఒక్కటీ లేదు. మ మీద మైనర్ (మ-ద-స), ద మీద మేజర్ (ద-స-గ). ఎడమచేయి మ దగ్గర స్థిరపడిందా, చెవి దాన్నే షడ్జమం అనుకుంటుంది, హిందోళం చేజారుతుంది. అందుకే అడుగున స శ్రుతి వదలకూడదు.

మళ్లీ మేళాలకు వస్తే, 20వ మేళం నటభైరవి, 21వది కీరవాణి. తేడా నిషాదం ఒక్కటే. నటభైరవిలో ప మీది కార్డ్ (ప-ని-రి) మైనర్. కీరవాణిలో నిషాదం ఒక మెట్టు పైకి జరిగి, అదే మేజర్ అవుతుంది. పైగా ఆ నిషాదానికీ పై షడ్జమానికీ ఒక్క మెట్టే దూరం, కాబట్టి కార్డ్ మనల్ని ఇంటికి లాగుతుంది. పాశ్చాత్యులు ఈ స్వరవరుసను హార్మోనిక్ మైనర్ అన్నది అందుకే.

అయితే మెట్ల లెక్క అన్నిచోట్లా చెల్లదు. స 240 హెర్ట్జ్ అనుకుంటే సహజమైన గ 300, ప 360, అంటే 4:5:6. కీబోర్డులో ప 359.6, దాదాపు సరే. గ మాత్రం 302.4, తంబూరా పక్కన ఆ ఎక్కువ తెలుస్తుంది. స్వరాన్ని ఊపే గమకమైతే మెట్ల మీద అసలు పలకదు. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని వెలివేసినప్పుడు పెద్ద అభ్యంతరాలు ఇవే. 8వ మేళం తోడిలో లెక్క ప్రకారం స మీద మైనర్ ఉంది, కానీ దాని గాంధారం ఊగుతూనే ఉంటుంది. అక్కడ ఎడమచేయి స, ప పట్టుకుని, గాంధారాన్ని గొంతుకు వదిలేయడమే మేలు.