కడలి ఈస్టులు - మంచినీటి పొదుపు

రాత్రి రుబ్బి మూతపెట్టిన ఇడ్లీపిండి తెల్లవారునప్పటికి పొంగియుండుట మన కందఱకును నిత్యానుభవమే. అందు ముఖ్యమైన పని బాక్టీరియాలది. ఈస్టు లను సూక్ష్మశిలీంధ్రములును వానికి తోడ్పడును. రొట్టెను పొంగించునదియు, తాటికల్లును పులియజేయునదియు ఈస్టే. చక్కెరను దిని మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును వెలువరించుట దాని స్వభావము. ఆ మద్యసారమునే కర్మాగారములవా రిథనాలందురు.

మా గోదావరిఖనిలో బొగ్గే బ్రదుకుదెరువు. కాని నేలలోని బొగ్గైనను, చమురైనను త్రవ్వినకొలది తరుగునదే గాని పెరుగునది గాదు. అందుచేత మన దేశము పంటలనుండి ఇంధనము దీయుచున్నది. పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు గలుపవలెనను లక్ష్యము 2025లో నెఱవేఱినది. అయితే దానికి ధాన్యమో చెఱకో చాలదు, మంచినీరును గావలెను. మాకు ఎగువనున్న నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరున ఇథనాలు కర్మాగారము వలదని గ్రామస్థులు, స్త్రీలు సైతము, రహదారి నడ్డగించిరి, పనులు నిలుపబడినవి. గాలియు నీరును చెడునని వారి భయము. బిందెతో వరుసలో నిలిచిన యే యిల్లాలికైనను ఆ భయ మర్థము గాకపోదు.

ఈ చిక్కునకు విరుగుడును కొందఱు శాస్త్రజ్ఞులు సముద్రమున వెదకుచున్నారు. 1894లో బెర్న్‌హార్డ్ ఫిషర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు అట్లాంటిక్ సముద్రజలమునుండి ఈస్టులను వేఱుచేసెను. ఆ నీట లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. అందు బ్రదుక నేర్చిన ఈస్టునకు మంచినీరు పోయ నక్కఱలేదు.

వేఱుచేయు విధము మన విత్తనాల యేఱివేత వంటిదే. సముద్రజలమును మిక్కిలి సన్నని వడపోతపొరపై వడకట్టుదురు. ఆ పొరను చక్కెర గలిపిన అగారుపై నుంతురు. బాక్టీరియాలు పెరుగకుండ మందు చేర్తురు. కొన్ని దినములకు చుక్కలవలె ఈస్టుగుంపులు లేచును. ఒక్కొక్క చుక్కను తీగకొనతో దీసి మఱల మఱల వేఱుగ నాటి, ఒకే జాతి మిగులువఱకు శుద్ధిచేయుదురు. పిదప నేది యెంత ఉప్పునకు, ఎంత మద్యసారమునకు ఓర్చునో పరీక్షింతురు.

అగారనునది సముద్రపు నాచునుండి దీయు పదార్థము. వేసవి వేడికి జెలటిను కరగిపోవుచుండగా, 1881 ప్రాంతమున, తాను వంటలో వాడు అగారును ప్రయోగశాలకు సూచించినది ఫానీ హెస్సె యను గృహిణి. ఆమె భర్త రాబర్టు కోఖ్ వద్ద పనిచేయు వైద్యుడు. నేటికిని సూక్ష్మజీవుల పెంపకమునకు ఆ వంటింటి వస్తువే యాధారము.

పురాణములు లవణసముద్రమును, సురాసముద్రమును వేఱువేఱుగా జెప్పినవి. ఇంగ్లండులోని నాటింగ్‌హాం విశ్వవిద్యాలయ పరిశోధకులు కడలి ఈస్టుతో, కడలినీటితోనే ఇథనాలు దీసి 2018లో ప్రకటించిరి. అయినను ఉప్పు ఉక్కుపాత్రలను దినివేయును. మిగిలిన ఉప్పునీటిని పొలములలో వదలుటకు వీలులేదు. అట్టి కర్మాగారములు సముద్రతీరముననే తగును. అవి నెలకొన్నచో గోదావరినీరు త్రాగువారికి, పైరులకు మిగులును.

మీ యూర కర్మాగారము పెట్టుదుమని యెవరైన వచ్చినప్పుడు, ఎన్ని కొలువులిత్తురని మాత్రమే గాక, నీరెక్కడనుండి దెత్తురు, వాడిననీ రెక్కడ విడుతురు అనియు నడుగుడు. ఇల్లు నడుపువా రడుగదగిన ప్రశ్నలే యివి.