గాజు పెట్టెలో బాలింత

"ఏటమ్మా, ఇవి తినడానికా, సూడ్డానికా?"

వారానికి రెండుసార్లు మా వీధికి చేపలు తెచ్చే బుడగట్లపాలెం అప్ప, గుమ్మంలో తట్ట దించుతూ హాల్లోని అక్వేరియం వైపు చూసి అడిగిన ప్రశ్న ఇది. "చూడ్డానికే అప్పా" అన్నాను. "ఏలెడు నేవు. సూసి ఏటి సేస్తారు?" అని నవ్వేసి కవళ్లు లెక్కపెట్టడంలో పడిపోయింది.

నిజం చెప్పాలంటే ఆరు నెలల కిందట నాదీ అదే ప్రశ్న. ఆ గాజు తొట్టి మా పెద్దవాడిది. పదో తరగతి సెలవుల్లో నానా గొడవా చేసి కొనిపించుకున్నాడు. జూన్‌లో వాణ్ణి ఇంటర్మీడియట్‌కి విశాఖలో ఒక హాస్టల్‌ కాలేజీలో చేర్చాం. వాడి పరుపు, మంచం ఖాళీ అయ్యాయి గానీ తొట్టి మాత్రం నా మెడకి చుట్టుకుంది. మేత వేయడం, వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి కొత్తవి పొయ్యడం, ఫిల్టరు స్పాంజి పిండడం... ఇంట్లో ఉండేదాన్ని నేనే కదా!

వాడు వెళ్తూ వెళ్తూ ఒక జంటని ప్రత్యేకంగా అప్పగించాడు. క్రిబెన్సిస్ అట. పశ్చిమ ఆఫ్రికాలో నైజీరియా, కామెరూన్ ప్రాంతాల వాగుల్లో ఉండే చేపలు. సిక్లిడ్‌లనే పెద్ద కుటుంబంలో ఇవి పొట్టి రకాలు. తొట్టిలో మగది సాధారణంగా నాలుగంగుళాలకి మించదు, ఆడది ఇంకా చిన్నది. మన చెరువుల్లో కనిపించే తిలాపియా కూడా ఈ వంశానిదే. 1952లో మన దేశానికి తెచ్చారు దాన్ని. కేరళ వాళ్లు ప్రాణం పెట్టే కరిమీన్ కూడా ఇదే కుటుంబం. అది మాత్రం ఎవరూ తెచ్చింది కాదు, మన దేశపు సొంత సిక్లిడ్. అలాంటివి మనకి మొత్తం మూడే ఉన్నాయి.

జూలై చివర ఒక రోజు చూద్దును కదా, ఆడచేప పొట్ట పండిన నేరేడుపండు రంగుకి తిరిగింది. ఒళ్లు విల్లులా వంచి, ఆ పొట్ట మగవాడికి కనపడేలా వణికిస్తోంది. ఈ జాతిలో పెళ్లిచూపుల్లో ముందుకొచ్చేది ఆడపిల్లే! వాడేమో ఇటు చూసీ చూడనట్టు తిరుగుతున్నాడు. ఇద్దరూ కలిసి, నేను తొట్టిలో బోర్లించిన మట్టి ముంత కింద ఇసుకంతా నోటితో తీసి బయట పోశారు. ముంత అంచు కొంచెం విరిగి ఉంది, అదే గుమ్మం. రెండు రోజుల తర్వాత ఆవిడ లోపలికెళ్లి ఇక బయటికి రావడం మానేసింది. మేత వేసినా ఇలా వచ్చి అలా లోపలికి.

"పురిటి గదిలోకి వెళ్లిందే!" అంది మా అత్తయ్య. ఆవిడ చెప్పినదాంట్లో అణువంత తప్పు లేదు. ఈ చేపలు గుడ్లు గుహ పైకప్పుకి అతికిస్తాయి. తల్లి లోపలుండి రెక్కలతో విసురుతూ గుడ్లకి కొత్త నీళ్లు తగిలేలా చేస్తుంది. పాడైపోయి తెల్లబడిన గుడ్డుంటే నోటితో తీసేస్తుంది, లేకపోతే ఆ బూజు పక్కదానికి పాకుతుంది. తండ్రి గుమ్మం బయట కాపలా. రెండు మూడు రోజులకి గుడ్లు చిట్లుతాయి, ఇంకో నాలుగైదు రోజులకి పిల్లలు ఈదడం మొదలెడతాయి.

ఆ రోజు నాకింకా కళ్లకి కట్టినట్టుంది. పొద్దున్న కాఫీ కలుపుతుంటే మా చిన్నది "అమ్మా, ఆవగింజలు నడుస్తున్నాయే!" అని కేక. తల్లి పొట్ట కింద మబ్బులా యాభై అరవై పిల్లలు. ఆవిడ ఆగితే ఆగుతున్నాయి, కదిలితే కదులుతున్నాయి. గప్పీలు దగ్గరకొస్తే రెక్కలు గబుక్కున ఆడిస్తుంది. అంతే, పిల్లలన్నీ అడుగున ఇసుకకి అతుక్కుపోయి కనపడకుండా పోతాయి. కేక లేదు, మాట లేదు, ఒంటితోనే పిలుపు! సాయంత్రం లైటు తగ్గే వేళకి అన్నిటినీ ముంతలోకి తోలుకుపోతుంది. దారి తప్పిన దాన్ని నోట్లోకి పీల్చుకుని తెచ్చి గుంపులో ఉమ్మేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు "అయ్యో, తినేసింది!" అని గుండె గుభేలుమంది.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. మూడో రోజు నుంచి ఆవిడ భర్తని దగ్గరికి రానివ్వడం లేదు. వచ్చాడా, కరిచి పంపిస్తోంది. వాడి తోక చీలికలైంది. వాడు పిల్లల్ని తినడానికి వస్తున్నాడనీ, తల్లి కాపాడుకుంటోందనీ నేనే కథ అల్లేసుకున్నాను (కథలు రాసే అలవాటు ఎక్కడికి పోతుంది!). వాణ్ణి వలతో పట్టి బకెట్లో వేశాను. పచ్చి బాలింతని కాపాడిన పుణ్యం నాదేనని రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాటికి పిల్లలు సగమయ్యాయి. మూడోనాటికి ఒక్కటీ లేదు.

ఆదివారం హాస్టల్ నుంచి ఫోనొచ్చినప్పుడు చెబితే వాడు "నాన్నని ఎందుకు తీసేశావమ్మా?" అన్నాడు, ఏడుపు గొంతుతో. వాడు చెప్పాకే నాకు తెలిసింది. తల్లి పిల్లల దగ్గర, తండ్రి ఒక మూర దూరంలో పొలిమేర దగ్గర. అది వాళ్లు పని పంచుకున్న తీరు. ఒక్కోసారి పిల్లల్ని చూసే వంతు కోసం దెబ్బలాడుకుంటారు కూడా. పొలిమేర కాసేవాడు పోయేసరికి గప్పీలు అటు నుంచీ, అడుగున తిరిగే బుల్లి జెల్లలు రాత్రిపూట ఇటు నుంచీ వచ్చి పడ్డాయి. ఒక్కతే ఎన్ని వైపులని తిరుగుతుంది? పోనీ తిరిగి వాణ్ణి తొట్టిలో వేస్తే ఆవిడ పరాయివాణ్ణి చూసినట్టు తరిమింది. వారం రోజులు ఫిల్టరు వెనక నక్కి ఉన్నాడు పాపం.

మా వారు నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఈ సంగతి అప్పతో చెబితే పకపకా నవ్వింది. "అయ్యో ఎర్రిబాగుల్దానా! మగ జెల్ల నోరు ఇప్పి సూసినావేటి ఎప్పుడైనా? గోళీలంతలేసి గుడ్లుంటాయి. పెళ్లం గుడ్డెట్టి పోతాది, మొగుడు నోట్లో ఎట్టుకుని తిండీ తిప్పలూ లేకుండా తిరుగుతాడు" అంది. తర్వాత తెలుసుకుంటే అక్షరాలా నిజం. సముద్రపు జెల్లల్లో చాలా రకాలకి గుడ్లు పొదిగేది తండ్రి నోరే. వారాల తరబడి ఉపవాసం. ఇక కొర్రమీను సంగతి మన పల్లెల్లో తెలియనిదెవరికి? చెరువులో ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే కిందే తల్లీ తండ్రీ ఉన్నట్టు లెక్క. పిల్లల జాడ పట్టి తల్లిదండ్రుల్ని పట్టేసే వాళ్లూ ఉన్నారు, అది వేరే దుఃఖం.

చేపల తండ్రుల గురించి వెతుకుతుంటే కొన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త రాసిన సంఘటన ఒకటి దొరికింది. 1973లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయనొకరు. ఆయన తొట్టిలోనివి జ్యువెల్ సిక్లిడ్‌లు. పొద్దుగూకే వేళ తండ్రి చేప తప్పిపోయిన పిల్లల్ని నోట్లో వేసుకుని గూటికి చేరుస్తోంది. మధ్యలో వానపాము ముక్క దొరికింది, నోట్లో వేసుకుంది. అంతలో ఒక పిల్ల ఎదురైంది. దాన్నీ నోట్లోకి తీసుకుంది. ఇప్పుడు నోట్లో రెండున్నాయి. ఒకటి మింగాలి, ఒకటి మింగకూడదు! చేప కాసేపు కదలకుండా ఆగిపోయిందట. తర్వాత రెండూ ఉమ్మేసింది. పిల్ల మీద ఒక కన్నేసి ఉంచి, వానపామును నింపాదిగా తిని, అప్పుడు పిల్లని నోట్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. చూస్తున్న విద్యార్థులు చప్పట్లు కొట్టారట. ఇది చదివి మా వారికి వినిపిస్తే "నాకు ఆఫీసూ, నీకు ఇల్లూ, ఇద్దరికీ నోరు నిండే ఉంది" అన్నారు.

సెప్టెంబరులో ఆవిడ పొట్ట మళ్లీ ఎర్రబడింది. ఈసారి ముందుజాగ్రత్తగా గప్పీల్నీ జెల్లల్నీ ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాను. అన్నిటినీ తీసేద్దామంటే మా వాడు ఫోన్లోనే వద్దన్నాడు. తొట్టిలో పరాయి వాళ్లెవరూ లేకపోతే ఈ మొగుడూ పెళ్లాలు ఒకర్నొకరు కరుచుకుంటారట! అందుకని పైపైన చురుగ్గా తిరిగే జీబ్రా డేనియోల్ని నాలుగింటిని ఉంచాం. నిజంగానే ఆ నాలుగింటినీ తరమడంలో ఇద్దరూ ఎంత ఒద్దికగా ఉన్నారో చూడాలి. పక్కింటి వాళ్లతో తగువున్న రోజుల్లో మా వీధిలో ఒక జంట ఎంత అన్యోన్యంగా ఉండేవారో గుర్తొచ్చింది.

పిల్లలకి తిండి ఇంకో పెద్ద పని. కోడిగుడ్డు పచ్చసొన ఉడికించి చిటికెడు వేయవచ్చు గానీ, కొంచెం ఎక్కువైనా నీళ్లు కుళ్లిపోతాయి. ఆర్టీమియా అని, ఉప్పునీటిలో పుట్టే ఇసుక రేణువంత రొయ్యజాతి పురుగులు శ్రేష్ఠం. మన తీరంలో రొయ్యపిల్లల హేచరీల్లో వాటినే వాడతారు. తెలిసినవాళ్ల ద్వారా రెండు చెంచాల ఎండు గుడ్లు తెప్పించాను. సీసాలో ఉప్పునీళ్లు పోసి గాలి పంపు పెడితే ఒక రోజులో నారింజ రంగు దుమ్ములా చిట్లుతాయి. అది తిన్న పిల్లల పొట్టలు కూడా నారింజ రంగే! తల్లిదండ్రులు ఏం చేస్తున్నారో తెలుసా? పెద్ద మేత ముక్కని నమిలి, పొడి చేసి పిల్లల మీద ఊదుతున్నారు. మనం చంటిపిల్లలకి ముద్ద మెదిపి పెట్టినట్టే.

ఇంతకన్నా ఆశ్చర్యం డిస్కస్ అనే అమెజాన్ సిక్లిడ్‌ది. అది ఒంటి మీద ఊరే జిగురుతో పిల్లల్ని పోషిస్తుంది. పిల్లలన్నీ తల్లి ఒంటికీ తండ్రి ఒంటికీ వంతులవారీగా వేలాడి తింటాయి. ఆ జిగురులో రోగాన్ని అడ్డుకునే గుణం కూడా ఉందని 2010లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. రెండు మూడు వారాలు దాటాక తల్లిదండ్రులు కొంచెం కొంచెంగా దూరం జరుగుతారట. అంటే పాలు మాన్పించడమే! కేరళలో పల్లత్తి అనే మన దేశపు పసుపు సిక్లిడ్ పిల్లలు కూడా కన్నవాళ్ల ఒంటిని ఇలాగే కొరుక్కు తింటాయి.

ఇంకో సంగతి కూడా రాయకపోతే నాకు నిద్ర పట్టదు. క్రిబెన్సిస్ పిల్లల్లో ఆడా మగా ఎన్ననేది చాలావరకు అవి పెరిగే నీటిని బట్టి ఉంటుంది. నీటిలో ఆమ్లగుణం ఎక్కువైతే మగపిల్లలు ఎక్కువవుతారు. మా అత్తయ్యకి చెబితే కాసేపు ఊరుకుని, "నాకు నలుగురూ ఆడపిల్లలే పుట్టాక మీ మామగారు పుట్టారని మా అత్త ఎంత సాధించిందో... నూతి నీళ్లని తిట్టుకోవాల్సింది!" అంది. మామగారు కాదు, మావారు. ఆవిడ ఎప్పుడూ తడబడుతుంది అక్కడ. మనుషుల్లో నీళ్ల పాత్ర లేదు, తండ్రి కణమే నిర్ణయిస్తుందని నేను చెప్పలేదు. డెబ్బై ఏళ్లు దాటాక ఆ లెక్క ఎవరికి కావాలి!

పిల్లలకి నెల దాటింది. అరంగుళం పొడుగయ్యాయి. ఒకరోజు తల్లి వాటిలో ఒకదాన్ని తరమడం చూశాను. మర్నాడు ఇంకో రెండింటిని. ఆవిడ పొట్ట మళ్లీ రంగు తిరుగుతోంది, వీటికిక ముంత దగ్గర చోటు లేదు. ఆదివారం ఫోన్లో "తల్లి తరిమేస్తోందిరా" అన్నాను.

వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "వేరే తొట్టిలో పెట్టావా? దాక్కోవడానికి చోటుందా వాటికి?" అని అడిగాడు.

ఆగస్టులోనే వాడు "ఇక్కడ బాగాలేదమ్మా" అని రెండుసార్లు అన్నాడు. అలవాటవుతుందిలే అన్నాం. అందరి పిల్లలూ ఉండటం లేదా అన్నాం. ఆ రాత్రి నేనూ మావారూ ఎక్కువ మాట్లాడుకోలేదు. శనివారం పొద్దున్నే బస్సెక్కాం. ఒకే గదిలో పన్నెండు మంచాలు. వాడు నాలుగు కిలోలు తగ్గాడు. మాతో నవ్వుతూనే మాట్లాడాడు, మేం గేటు దాటుతుంటే మాత్రం వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

దసరాకి వచ్చినవాణ్ణి మళ్లీ పంపలేదు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు, చుట్టాల మాటలు మాత్రం చాలానే వచ్చాయి. ఇప్పుడు శ్రీకాకుళంలో చదువుతున్నాడు, రోజూ ఎచ్చెర్ల నుంచి బస్సులో వెళ్లొస్తాడు. మార్కులు ఎలా ఉంటాయో మార్చిలో తెలుస్తుంది. చేసింది సరైనదేనా అని నన్నడిగితే వారంలో నాలుగు రోజులు అవునంటాను.

వచ్చిన రోజే చేపపిల్లల్ని లెక్కపెట్టాడు. ముప్ఫై ఎనిమిది. వాటిని వేరే తొట్టిలో వేసి, కొబ్బరి చిప్పలు నాలుగు బోర్లించాడు. కొన్ని స్నేహితులకి ఇచ్చాడు. మొన్న బుడగట్లపాలెం అప్ప కూడా మనవరాలి కోసం ఒక జంట అడిగింది. హార్లిక్స్ సీసాలో పోసి ఇచ్చాం. తట్ట నెత్తికెత్తుకుని, సీసా చేత్తో పట్టుకుని వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇయి బేగి ఎదుగుతాయేటి? పులుసుకొస్తాయా?"