డ్రై ఐస్ పెట్టెకు ఊపిరి ఆడాలి

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక జిల్లా. అది గోదావరి ఒడ్డున, కాకినాడ పక్కన ఉంది. రాజధాని పుదుచ్చేరి పట్నం నుంచి రోడ్డు మీద ఎనిమిది వందల కిలోమీటర్ల పైనే. అయినా సర్కారు కాగితాలకూ, జిప్మర్‌లో వైద్యానికీ, యూనివర్సిటీ చదువులకూ యానాం వాళ్లు అక్కడిదాకా వెళ్లక తప్పదు. వరదల కాలంలో వెళ్లేవాళ్లను పట్నంలోని బంధువులు అడిగేది ఒక్కటే: పులస. పుస్తెలమ్మైనా తినాలన్న చేప కదా! అంత డబ్బు పోసి కొన్నది దారిలో చెడిపోకూడదు. పెట్టెలో డ్రై ఐస్ వేస్తే సరిపోదా అన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది.

పులసకైతే వద్దు. ఎందుకు వద్దో తెలిస్తే, డ్రై ఐస్ ఎక్కడ పనికొస్తుందో కూడా తెలిసిపోతుంది.

డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మనం వదిలే ఊపిరిలో ఉండేదీ, సోడాలో బుడగలయ్యేదీ ఇదే వాయువు. మామూలు ఐస్ సున్నా డిగ్రీల దగ్గర కరిగి నీళ్లవుతుంది. డ్రై ఐస్ మైనస్ 78.5 డిగ్రీల దగ్గర నేరుగా వాయువైపోతుంది. మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడిలో కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా నిలవలేదు. అలా నిలవాలంటే ఒత్తిడి అయిదు రెట్లకు మించాలి. అందుకే పెట్టె తెరిచి చూస్తే తడి కనిపించదు, గడ్డ చిన్నదై ఉంటుంది, అంతే.

ఒక ముక్కను దగ్గరగా చూడండి. సుద్దముక్కలా తెల్లగా, మసకగా ఉంటుంది. పుదుచ్చేరి తీరపు ఉక్కగాలి తగలగానే దాని చుట్టూ పొగ కమ్ముకుని, పైకి లేవకుండా బల్ల అంచు దాటి కిందికి జారిపోతుంది. అది డ్రై ఐస్ పొగ కాదు. గాలిలోని తేమ చలికి సన్నని తుంపరగా మారి అలా కనిపిస్తుంది. అసలు వాయువుకు రంగూ లేదు, పొగా లేదు. ఇప్పుడు స్టీలు చెంచాను ఆ ముక్కకు అదిమి పట్టండి, కీచుమంటుంది. చెంచాలోని వేడికి ముక్క పైపొర వాయువై బయటికి తన్నుకొస్తూ లోహాన్ని గడగడ వణికిస్తుంది. ఆ మోత దానిదే.

డ్రై ఐస్‌ను మొదట చూసినవాడు ఫ్రాన్సుకు చెందిన తిలోరియే. 1835లో, అంటే పుదుచ్చేరీ యానాం రెండూ ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న రోజుల్లో, ఇనుప పాత్రలో ఒత్తిడితో ద్రవంగా మార్చిన కార్బన్ డయాక్సైడ్‌ను ఒక్కసారిగా బయటికి వదిలాడు. కొంత వాయువైపోయింది. అలా పోతూ పోతూ అది మిగిలినదాని వేడిని లాగేసుకోవడంతో అక్కడ తెల్లని మంచు పేరుకుంది. నేటికీ ఫ్యాక్టరీల్లో జరిగేది ఇదే, ఆ మంచును యంత్రంతో అదిమి దిమ్మలుగానో గుళికలుగానో చేస్తారు. 1840లో పారిస్‌లో అలాంటి ఇనుప పాత్రే పేలి ఒక యువకుడు చనిపోయాడు. డ్రై ఐస్‌ను మూతబిగించిన సీసాలో వేయవద్దని చెప్పినప్పుడు పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాలి. ప్లాస్టిక్ సీసా పేలినా కళ్లు పోతాయి.

ఇక పులస దగ్గరికి వద్దాం. ఒక కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. ఒక కిలో డ్రై ఐస్ వాయువవడానికి సుమారు 571 కిలోజౌళ్లు తీసుకుంటుంది. అంటే దాదాపు 1.7 రెట్లు. ఇది చూసి డ్రై ఐసే లాభం అనుకుంటాం. కానీ పెట్టె గోడల్లోంచి లోపలికి వచ్చే వేడి, బయటికీ లోపలికీ ఉన్న డిగ్రీల తేడాను బట్టి ఉంటుంది. బయట 35 డిగ్రీలుంటే ఐస్ పెట్టెకు తేడా 35. లోపలంతా డ్రై ఐస్ చలికి దిగితే తేడా 113. మూడు రెట్లకు పైగా వేడి లోపలికి చొరబడుతుంది. సున్నా డిగ్రీలు చాలిన సరుకుకు మైనస్ 78 డిగ్రీల చలి పెడితే ఆ ఖర్చంతా గోడలపాలే.

ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. పగలగొట్టిన ఐస్ చేప ఒంటికి అన్ని వైపులా అంటుకుని ఉంటుంది. కరిగిన చల్లని నీళ్లు మొప్పల్లోకీ, పొట్టలోకీ, సందుసందుకూ చేరి వేడిని లాగేస్తాయి. ఐస్ ఉన్నంతసేపూ చేప సున్నా డిగ్రీలను దాటదు, సున్నాకు దిగువకూ పోదు. డ్రై ఐస్ దగ్గర అలా కాదు. తగిలిన వైపు చేప రాయిలా బిగుస్తుంది, అవతలి వైపు మామూలుగానే ఉంటుంది. ఇల్లు చేరేసరికి బిగిసిన భాగం కరిగితే కండలోని నీరు కారిపోయి, ముక్క పిండిపిండిగా విడిపోతుంది. పులసకు ఇంతకన్నా అవమానం లేదు! మీగడలాంటి ఆ మెత్తదనం కోసమే కదా అంత ధర పెట్టేది. జాలరులు తరతరాలుగా వాడుతున్న పగలగొట్టిన ఐసే దానికి తగినది. నీళ్లు పోయే దారి ఉంచి, దారిలో ఒకసారి ఐస్ నింపుకుంటే చాలు.

ఇన్సులిన్‌కూ ఇదే మాట. జిప్మర్‌లో చూపించుకుని మందులతో తిరుగు ప్రయాణమయ్యేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు, కరిగాక మామూలుగా కనిపించినా సరే. హెపటైటిస్ బి టీకా కూడా గడ్డకడితే చెడుతుంది. కోవిడ్ కాలంలో ఫైజర్ టీకాను మైనస్ 70 డిగ్రీల దగ్గర ఉంచాల్సి వచ్చి డ్రై ఐస్ పేరు ప్రపంచమంతా మారుమోగింది. మన దేశంలో వేసిన కోవిషీల్డ్, కోవాగ్జిన్ రెండింటికీ 2 నుంచి 8 డిగ్రీలు చాలాయి.

మరి డ్రై ఐస్ దేనికి? ఇప్పటికే గడ్డకట్టి ఉన్నదాన్ని అలాగే ఉంచడానికి. ఐస్‌క్రీమ్, ఫ్రోజెన్ రొయ్యలు, ల్యాబ్ నుంచి ల్యాబ్‌కు పంపే నమూనాలు. వీటికి సున్నా డిగ్రీల ఐస్ చాలదు, ఆ పని డ్రై ఐస్‌దే.

చేపల రేవు దగ్గరి ఐస్ ఫ్యాక్టరీలో దొరికేది నీటి ఐస్. డ్రై ఐస్ కావాలంటే పారిశ్రామిక గ్యాసులు అమ్మేవాళ్లను అడగాలి. చెన్నై నుంచి పుదుచ్చేరికి తెప్పించుకుంటే నూట యాభై కిలోమీటర్ల దారిలో కొంత గాలిలో కలిసిపోతుంది కాబట్టి, చేతికందేటప్పుడు తూకం వేయించుకోండి. ప్రయాణానికి ముందు రోజు కొని దాచుకుందామంటే కుదరదు. మామూలు కూలర్‌లో రోజుకు రెండు నుంచి అయిదు కిలోల దాకా తరిగిపోతుంది. గుళికలకన్నా దిమ్మ ఎక్కువసేపు నిలుస్తుంది, గాలి తగిలే ఒళ్లు తక్కువ కాబట్టి. దిమ్మను నాలుగైదు పొరల వార్తాపత్రికలో చుట్టి సరుకు పైన పెట్టండి, చల్లని వాయువు బరువుగా ఉండి కిందికి దిగుతుంది. ఖాళీ ఉంటే నలిపిన కాగితాలు కుక్కండి. పట్టుకోవడానికి మందపాటి గ్లౌజులైనా పట్టకారైనా ఉండాలి, వట్టి చేత్తో పట్టుకుంటే క్షణాల్లో చర్మం కాలిన బొబ్బలా లేస్తుంది. పెట్టె మూత వదులుగా ఉంచాలి, టేపు చుట్టి బిగించకూడదు.

కారులో తీసుకెళ్లేవాళ్లు దీన్ని శ్రద్ధగా చదవాలి. ఒక కిలో డ్రై ఐస్ పూర్తిగా వాయువైతే సుమారు 540 లీటర్లవుతుంది. చిన్న కారు లోపలి చోటు మూడు వేల లీటర్ల దాకా ఉంటుందనుకుందాం. రోజుకు అయిదు కిలోలు తరిగే పెట్టె గంటకు రెండు వందల గ్రాములు వదులుతుంది. అంటే వందకు పైగా లీటర్లు. అద్దాలన్నీ మూసి, ఏసీని లోపలి గాలే తిప్పేలా పెట్టుకుంటే గంటలోనే లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ మూడు శాతం దాటవచ్చు. బయటి గాలిలో ఉండేది 0.04 శాతమే. నాలుగు శాతాన్ని ప్రాణాపాయపు గీతగా అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. నిజానికి కారులో ఏదో ఒక సందు నుంచి గాలి ఆడుతూనే ఉంటుంది, కానీ ప్రాణాన్ని ఆ సందుల మీద పెట్టుకోలేం. 2018 జూలైలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఐస్‌క్రీమ్ కోసం డ్రై ఐస్ నింపిన కూలర్లు ఉన్న కారులో ప్రయాణించిన ఇద్దరు మహిళల్లో ఒకరు చనిపోయారు, రెండో ఆమె ఆస్పత్రి పాలైంది. 2020 ఫిబ్రవరిలో మాస్కోలో పుట్టినరోజు వేడుకకని ఈత కొలనులో డ్రై ఐస్ గుమ్మరించగా ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

ఈ వాయువు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. కారులో అడుగున, గదిలో నేల మీద పేరుకుంటుంది. కింద పడుకున్న పసిపిల్లలకే ముందు ముప్పు. పాడుబడ్డ బావిలోకి దిగేముందు దీపం దించి చూడాలని మన పెద్దలు చెప్పింది ఇలాంటి గాలి గురించే. మిగిలిన డ్రై ఐస్‌ను సింకులో వేయవద్దు, గొట్టాలు పగులుతాయి. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టవద్దు. పిల్లలకు అందని చోట, గాలాడే డాబా మీద వదిలేస్తే దానంతటదే పోతుంది. నోట్లో మాత్రం ఎవరూ వేసుకోకూడదు. 2024 మార్చిలో గురుగ్రామ్‌లోని ఒక హోటల్లో నోటి తాజాదనానికని ఇచ్చినది నోట్లో వేసుకున్న అయిదుగురు రక్తం కక్కుకున్నారు. అది డ్రై ఐస్ అని తర్వాత తేలింది.

విమానంలోనైతే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక్కొక్కరికి రెండున్నర కిలోలే, అదీ విమాన సంస్థ ముందుగా ఒప్పుకుంటేనే, వాయువు బయటికి పోయే పెట్టెలోనే.

అద్దె కారు మాట్లాడుకున్నప్పుడు డ్రైవరుకు పెట్టెలో ఏముందో తప్పకుండా చెప్పండి. వీలైతే డిక్కీలో పెట్టండి, అయినా అద్దం కొంచెం దించే ఉంచండి, ఏసీని బయటి గాలి తీసుకునేలా మార్చండి. తలనొప్పిగా ఉన్నా, ఊపిరి వేగంగా ఆడుతున్నా, మగతగా ఉన్నా వెంటనే బండి ఆపి అందరూ దిగి తలుపులు తెరవండి. పెట్టె మూత మీద "లోపల డ్రై ఐస్ ఉంది, అద్దం మూయవద్దు" అని తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి రాసి అంటించండి.